యాక్టింగ్ చక్కెర

మానవ శరీరంలోని ప్రతి తెల్ల రక్తకణమూ ఒక బొగ్గు బాయి!

ఈ మహా సిద్ధాంతాన్ని లోకానికి అందించినవాణ్ని నేనే. పేరు సదానందం. హోదా, యాక్టింగ్ ఇమ్యూనిటీ ఇన్‌చార్జి. కార్యస్థానం, గోదావరిఖనిలో మా బాయి మీద వెల్ఫేర్ ఆఫీసు పక్కన, ఒకప్పుడు చీపుర్లు పెట్టుకున్న గది. గది చిన్నది గాని బోర్డు పెద్దది. తలుపు తెరిస్తే బోర్డు గోడవైపు తిరిగిపోతుంది. అందుకని నేను తలుపు మూసుకునే ప్రజాసేవ చేసేవాణ్ని.

మా దగ్గర బొగ్గు గనిని బాయి అంటారు. ఇక యాక్టింగ్ అంటే మీరు సినిమా అనుకుంటారు. మా బాయిల మీద ఆ మాటకు చాలా గౌరవప్రదమైన అర్థం ఉంది. కాగితం మీద ఒక పని, చేతిలో ఇంకో పని ఉంటే దాన్ని యాక్టింగ్ అంటారు. కాగితం మీద నేను జనరల్ మజ్దూర్ని. తట్టా, చెమ్మస్ అనే పారా పట్టి బొగ్గెత్తినవాణ్నే. ఇప్పుడు పైన కుర్చీలో కూర్చున్నాను. కాని ఎవరైనా పెద్దసారు "రేపటిసంది కిందికి" అన్నాడంటే మారు మాట్లాడకుండా టోపీ లైటు తగిలించుకొని దిగాలి. మందమర్రిలో ఉండే మా బావమరిదికి ఈ వివరాలేవీ చెప్పలేదు. ఆయన లెక్కలో నేను ఆఫీసర్ని. ఆయన లెక్క తప్పించడం ఇష్టంలేక, కొంచెం బిగుతుగా ఉన్నా సరే, నల్లటి బూట్లు కూడా కొన్నాను.

ఈ హోదా ఎట్లా వచ్చిందంటారా? నాలుక మీద పెట్టుకున్న ఒక నారింజ రంగు గోలీ వల్ల వచ్చింది. కరోనా తగ్గిన కొత్తలో ఒక పొద్దున, బాయిలోకి దిగే వరుసలో నిలబడి, సి విటమిన్ గోలీ చప్పరిస్తూ తోటి కార్మికులకు దాని మహిమ చెబుతున్నాను. వెల్ఫేర్ ఆఫీసర్ జగదీశ్వర్ సారు అటుగా వచ్చి ఆగాడు.

"ఏమయ్యా, గివన్ని నీకెవరు చెప్పిన్రు?"

"చదివిన సార్." చదివింది ఫోన్లో. ఆ సంగతి ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

"ఇమ్యూనిటీకి ఒక ఇన్‌చార్జిని పెట్టాలె. మనిషి దొరుకుతలేడు. నువ్వు రేపటిసంది పైన్నే ఉండు. యాక్టింగ్!"

అట్లా పైకొచ్చాను. నా విధుల్లో అతి ముఖ్యమైనది షర్బతు. ఒక బకెట్టు నీళ్లు, నిమ్మకాయలు, దంచిన సి గోలీలు, ఆ పులుపు తెలియకుండా ఉండేటంత చక్కెర. గరిటె నిలబెడితే నిలబడేది! గోడమీద నినాదం కూడా రాయించాను, "పులుపు లోపలికి, జబ్బు బయటికి" అని. జనం నా ముందర గ్లాసు అందుకుని, నా వెనక క్రోటన్ మొక్క మొదట్లో పోసేవారు. ఆ మొక్క చుట్టూ చీమలు ఒక కాలనీ కట్టుకున్నాయి.

నా షర్బతు విలువ తెలిసినవాడు ఒక్క మహమూదే. వాడు నా దోస్తు. ఇద్దరం ఒకే ఏడు బాయిలో చేరాం. వాడు కింద పంపు డ్యూటీ చేస్తాడు. బాయిలో ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర షిఫ్టు షిఫ్టంతా ఒక్కడే కూర్చుంటాడు.

"అరే సదానందం, ఇంకో గిలాస పొయ్యి భయ్. ఎంత తాగినా దూప తీర్తలేదు!"

"తాగు మహమూద్, తాగు. అది మామూలు దూప గాదు. నీ కణాలు అడుగుతున్నయి!"

వాడు తాగేవాడు. తాగి వెంటనే దొడ్డివైపు పరుగెత్తేవాడు. మలినాలు పోతున్నాయని నేను నలుగురికీ చెప్పేవాణ్ని. మనిషి సన్నబడ్డాడు. ఆ ఘనత కూడా నా షర్బతుకే ఇచ్చుకున్నాను. వాడి బిడ్డ సుమైరా కరీంనగర్‌లో డాక్టరు. అయినా వాడు ఒక్కనాడు బిడ్డకు చెయ్యి చూపించింది లేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా. పనికొచ్చే వైద్యం కోసం వాడు నా దగ్గరికి వచ్చేవాడు, ఖర్మ!

ఇంతలో నాకొక కష్టం వచ్చింది. కాలి బొటనవేలి పక్కన చిన్న పుండు. చిన్నదే గాని మానదు. గుప్పెడు గుప్పెడు సి గోలీలు మింగాను. పుండు వాటిని లెక్కచేయలేదు.

"ఏందయ్యా, ఎన్నొద్దులకెల్లి మాన్తలేదు గా పుండు!" అంది మా రాజకుమారి, నేను పెళ్లాడిన మనిషి. "దవాఖానకు పోయి షుగర్ పరీక్ష చేపిచ్చుకో."

"మెల్లగ మాట్లాడు! ఇమ్యూనిటీ ఇన్‌చార్జికి షుగర్ అని బయట తెలిస్తే ఇజ్జత్ ఉంటదా?"

"ఇజ్జత్ ఉంటది, కాలు ఉండది. గంతే."

మేజోడు తొడుక్కుని, దానిమీద బూటు బిగించుకుని ఆఫీసుకు పోయాను. షుగరే అని నాకు లోపల గట్టిగా తెలుసు. తెలిసినదాన్ని పరీక్ష చేయించుకోవడం ఎందుకని ఊరుకున్నాను. రాత్రిళ్లు కాలు పోయినట్టు కలలొచ్చేవి. పగలు ఇమ్యూనిటీ గురించి ఉపన్యాసాలిచ్చేవాణ్ని.

అప్పుడే ఇమ్యూనిటీ వారోత్సవం ముంచుకొచ్చింది. వారోత్సవమంటే మా దగ్గర పక్షం పడుతుంది. ఖని చౌరస్తాలో కట్టిన బ్యానరు మీద "రోగనిరోధక వారోత్సవం" అని ఉండాల్సింది, అచ్చువాడి దయవల్ల "రోగనిర్మాణ వారోత్సవం" అని పడింది. తప్పు పట్టినవాడు ఒక్కడూ లేడు.

జగదీశ్వర్ సారు నన్ను పిలిచి మెల్లగా అసలు సంగతి చెప్పాడు.

"సదానందం, కమ్యూనిటీ హాల్ల నీ ఉపన్యాసం. పెద్దసార్లు వస్తున్నరు. మంచిగ చెప్పినవనుకో, నీ బోర్డు మీద యాక్టింగ్ అన్న మాట కొట్టేపిస్త. పర్మనెంట్! లేదనుకో..."

"లేదనుకుంటే సార్?"

"సోమవారం ఫస్టు షిఫ్టు. కిందికి."

ఆ వారమంతా ఫోన్లో మునిగిపోయాను. తెల్లకణాలు సి విటమిన్‌ని ఎట్లా పీల్చుకుంటాయో చెప్పే ఒక పెద్ద వ్యాసం దొరికింది. సగం అర్థమైంది. ఆ సగమే అద్భుతంగా ఉంది!

రక్తంలో తిరిగే సి, తెల్లకణంలోకి తనంతట తాను నడిచిపోలేదట. కణం చుట్టూ గోడ, గోడకు గేట్లు. సి కోసం ఒక సొంత గేటు ఉంది. అక్కడ ఉప్పులో ఉండే సోడియం దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోతుంది, కొత్త కార్మికుణ్ని సర్దారు వెంటబెట్టుకుని బాయిలోకి దింపినట్టు. అట్లా పోగై పోగై, రక్తంలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు సి ఆ కణం లోపల నిల్వ ఉంటుంది. ఆ సరుకు దగ్గరుంటేనే కణం క్రిములతో నిలబడి కొట్లాడగలదు. నిల్వ నిండితే మాత్రం ఎంత మింగినా మిగిలింది మూత్రంలో పోతుంది. ఈ చివరి వాక్యం నాకు నచ్చలేదు. నేను మింగిన గోలీలన్నీ ఎటు పోయాయో గుర్తొచ్చి దాన్ని దాటేశాను.

రెండో గేటు దగ్గర నా ప్రాణం లేచొచ్చింది. కొట్లాటలో కొంత సి వాడిపోతుంది, ఇనుముకు తుప్పు పట్టినట్టు. ఆ వాడిపోయిన సి ని సొంత గేటులో రానివ్వరు. మరి ఏం చేస్తుంది? ఇప్పుడు దాని రూపం కొంచెం చక్కెరను పోలి ఉంటుంది. అందుకని చక్కెర గేటు దగ్గరికి పోయి, చక్కెరలాగే నిలబడి, లోపలికి దూరిపోతుంది! లోపల కణం దాని తుప్పు వదిలించి, మళ్లీ అసలు సి గా డ్యూటీ ఎక్కిస్తుంది.

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంటే సి విటమిన్ కూడా యాక్టింగేనా! సృష్టిలో నాకొక బంధువు దొరికినంత సంతోషమైంది. ఆ కింద ఇంకో పేరా ఉంది గాని, సంతోషంలో ఫోను మూసేశాను.

ఉపన్యాసం నాటి పొద్దున జగదీశ్వర్ సారు ఇంకో పిడుగు వేశాడు.

"హాల్ల షుగర్ క్యాంపు గూడ పెట్టినం. మొదటి పరీక్ష నీదే! నీ రీడింగు స్టేజీ మీద చదివి క్యాంపు షురూ చేస్తం. ఎట్లుంది ఐడియా?"

"బ్రహ్మాండం సార్!" అన్నాను. ఇమ్యూనిటీ లేని ఇమ్యూనిటీ ఇన్‌చార్జిని ఎవరుంచుకుంటారు? పరుగున పోయి మహమూద్‌ని పట్టుకున్నాను. వాడిది ఆ రోజు సెకండ్ షిఫ్టు.

"మహమూద్, నీ వేలు కావాలెరా."

"ఏం జేస్కుంటవ్?"

"నా పేరు చెప్పి ఒక్క బొట్టు రక్తం ఇయ్యి. నాకు షుగర్ ఉన్నట్టుంది. నువ్వు కట్టెపుల్లోలె ఉంటవు, నీకెందుకుంటది!"

"అరే, నా మస్టర్ నువ్వు ఏసినట్టా?" అని నవ్వాడు. బాయి మీద హాజరుపడటాన్ని మస్టర్ అంటారు. మేం కొత్తగా చేరినప్పుడు ఒకరి మస్టర్ ఒకరు వేయడం స్నేహానికి గుర్తు. "సరే తీ. దోస్తు కోసం ఒక్క బొట్టు ఏంది, గిలాసెడు ఇస్త. ముందుగాల షర్బతు పొయ్యి."

పోశాను. వారోత్సవం కాబట్టి అందరికీ మాస్కు తప్పనిసరి. మాస్కు నన్ను కాపాడిన రోజంటూ ఉంటే అదే. పరదా వెనక పరీక్షలు చేసే అంజి ఊరికి కొత్త. మాస్కులో ఉన్న మహమూద్ "సదానందం" అన్నాడు, అంజి రాసుకుని వేలు గుచ్చాడు.

స్టేజీ ఎక్కి చూద్దును కదా! పెద్దసార్ల పక్కన కుర్చీలో ముఖ్య అతిథి, డాక్టర్ సుమైరా! చిన్నప్పుడు నా సైకిలు ముందు కడ్డీ మీద కూర్చుని బడికి పోయిన పిల్ల. నన్ను చూసి, "సలాం చాచా, మీరేనా స్పీకరు?" అని సంతోషంగా నవ్వింది. ముందు వరుసలో వాళ్ల నాన్న, చేతిలో షర్బతు గ్లాసుతో కూర్చున్నాడు.

మైకు ముందు నిలబడితే నాకు పుస్తకాల తెలుగు వచ్చేస్తుంది. "సోదర సోదరీమణులారా! ప్రతి తెల్ల రక్తకణమూ ఒక బొగ్గు బాయి!" అని మొదలుపెట్టాను. గేట్లు చెప్పాను. సోడియం సర్దారును చెప్పాను. వాడిపోయిన సి చక్కెర వేషంలో దూరే ఘట్టం దగ్గర స్వయంగా నటించి చూపించాను. హాలంతా ఈలలు! పెద్దసార్లు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని తలలూపారు. యాక్టింగ్ అన్న మాట నా బోర్డు మీంచి రాలిపడుతున్న చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది.

"చాచా, మస్తు చెప్పిన్రు," అంది సుమైరా. "ఒక్కటి అడుగుత. ఆ చక్కెర గేటు కాడ నిజం చక్కెరే గుంపు గట్టి నిలబడితే, మన యాక్టింగ్ చక్కెర సంగతేంది?"

చదవని పేరా అదేనని తెలిసిపోయింది. "అక్కడ... క్యూ పద్ధతి అమలు చేయబడును," అన్నాను.

అందరూ నవ్వారు. ఆమె మైకు తీసుకుంది. "గేటు ఒక్కటే గదా! రక్తంల చక్కెర ఎక్కువుంటే అదే ముందుగాల దూరుతది. వాడిపోయిన సి బయట్నే నిలబడుతది. కణానికి కొట్లాడే సత్తువ తగ్గుతది. షుగర్ ఉన్నోళ్లకు పుండ్లు మానకపోవడానికి ఇదొక కారణం, ఇంకా శానా ఉన్నయి. గుప్పెడు గోలీలు అక్కర్లేదు, రోజుకో జామపండు తిన్నా సాలు. కాని గీ చక్కెర పానకం మాత్రం..." అని బకెట్టు వైపు చూసి ఆగిపోయింది. పెద్ద మనసు ఆ పిల్లది.

ఇంతలో అంజి చీటీ తెచ్చిచ్చాడు. సుమైరా చదివి, ఇంకోసారి చదివి, ముఖం ముడుచుకుంది.

"సదానందం చాచా, మీ షుగర్ నాలుగు వందల ఇరవై!"

వెనకనుంచి ఎవడో "ఫోర్ ట్వంటీ!" అని అరిచాడు. ఇక చూస్కోండి, కుర్చీలు కూడా నవ్వాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది మహమూద్. పొట్ట పట్టుకుని నవ్వి, దగ్గొచ్చి, ఆ దగ్గు తగ్గడానికి ఇంకో గుక్క షర్బతు తాగాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. కాని జగదీశ్వర్ సారు పెద్దసార్ల చెవిలో ఏదో ఊది, లేచి గొంతు సవరించుకున్నాడు. "నవ్వద్దు! పదిమంది ముందట తన జబ్బును బయటపెట్టుకున్న ధైర్యవంతుడు మన సదానందం. గింత షుగర్ ఉన్న మనిషిని కిందికి తోలితే రేపు ఏమన్న అయితే జవాబెవరు చెప్పాలె? పెద్దసార్లతోని మాట్లాడిన. సదానందం ఇగ పైన్నే! పర్మనెంట్!"

చప్పట్లు! ఎవరో శాలువా కప్పారు. వేరేవాడి రక్తంలో దొరికిన జబ్బుకు నాకు సన్మానం జరుగుతోంది. నాకు కావలసింది వచ్చేసింది. నోరు మూసుకుంటే చాలు. ఎట్లాగూ నాకూ షుగర్ ఉండనే ఉంది కదా, ఇది అబద్ధమెట్లా అవుతుందని కూడా ఒక వాదన తయారైంది. ఆఫీసు కుర్చీలో కూర్చున్నవాడికి వాదనలకేం కరువు!

అప్పుడు మహమూద్ లేచాడు. గ్లాసు కింద పెట్టి, నాకు దూరంనుంచే చెయ్యి ఊపి, "ముబారక్ రా భయ్! డ్యూటీ టైమైంది, పోతున్న," అన్నాడు.

వాడు పోయేది పంపు దగ్గరికి. చీకట్లో, నీళ్ల పక్కన, ఒక్కడే. కళ్లు తిరిగి పడితే షిఫ్టు మారేదాకా ఎవరికీ తెలియదు. తీరని దూప, పరుగెత్తడం, సన్నబడటం, అన్నీ ఒక్కసారి నా కళ్లముందు నిలబడ్డాయి. ఇన్ని నెలలు వాణ్ని నా చేతులతో చక్కెరలో ముంచాను! నాకు భయమేసింది, నా కుర్చీ గురించి కాదు, వాడి గురించి. వాడు తలుపు దాకా పోయాడు.

మైకు లాక్కున్నాను. పుస్తకాల తెలుగు రాలేదు.

"మహమూద్! ఆగురా! గా రక్తం నీది! షుగర్ నీకురా!"

వాడు వెనక్కి తిరిగి, "నాకా? మజాక్ జెయ్యకు భయ్," అన్నాడు. నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆగిపోయాడు. నేను శాలువా తీసి బల్లమీద పెట్టి, వేలు సంగతి, మస్టర్ సంగతి మొత్తం మైకులోనే చెప్పేశాను. సగం చెప్పేసరికే సుమైరా స్టేజీ దిగి పరుగెత్తింది. వాళ్ల నాన్న చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"అరే బేటా, డ్యూటీకి..."

"చుప్ బైఠో అబ్బా!" అంది. డాక్టరమ్మ కళ్లనిండా నీళ్లు. అవి చూసి నాకూ ఆగలేదు.

మళ్లీ వేలు గుచ్చారు, మళ్లీ అదే అంకె దగ్గరికి వచ్చింది. వాణ్ని దవాఖానకు పంపే ఏర్పాట్లు అయ్యాక సుమైరా నా వైపు తిరిగింది. కోపంగా చూసింది, తర్వాత "మీ వేలు గూడ తెండ్రి చాచా," అంది. నా వేలు, నా రక్తం, నా పేరు. అంజి ఈసారి మాస్కు తీయించి మరీ గుచ్చాడు.

తొంభై ఆరు.

"మీకు షుగర్ లేదు," అంది సుమైరా.

"లేదా? మరి పుండు?" బూటు విప్పి చూపించాను. ఆమె వేలును చూసింది, బూటును చూసింది, మళ్లీ వేలును చూసింది.

"షుగర్ గాదు చాచా. బూటు కరిసింది. ఇంత ఇరుకు బూటు ఎందుకేసుకున్నరు?"

మందమర్రి బావమరిది గురించి అంతమంది ముందు ఏం చెప్పను! అన్ని నెలలు కాలు పోతుందని ఏడ్చింది ఒక బూటు కోసమా అని తల గోడకు కొట్టుకోవాలనిపించింది. జగదీశ్వర్ సారు మాత్రం నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపాడు.

"దొంగ మస్టర్ కింద నీ మీద కాగితం రాయాలె. కాని ప్రాణం కాపాడినవు, అందుకని రాస్తలేను. ఆరోగ్యం దిట్టంగుంది, సంతోషం! సోమవారం ఫస్టు షిఫ్టు."

సోమవారం టోపీ లైటు పెట్టుకున్నాను. రబ్బరు గంబూట్లు నా కాలికన్నా పెద్దవి, పుండు వారంలో మానింది. "గోలీలతోని మానందాన్ని గంబూట్లు మాన్పినయి. రేపటిసంది వాటినే దంచి షర్బతు చెయ్యి," అంది మా రాజకుమారి. మందులు మొదలుపెట్టాక మహమూద్ కాస్త ఒళ్లు చేశాడు. వాడికి పైన పనిచ్చారు. ఏ పని అంటే, నా కుర్చీ! నా పేరు మీద కాగితం అంటించి వాడి పేరు రాశారు. యాక్టింగ్ అన్న మాటను మాత్రం ఎవరూ ముట్టుకోలేదు.

నిన్న పొద్దున దిగే వరుసలో నిలబడ్డాను. జేబులో జామపండు ఉంది. చీపుర్ల గది ముందర మైకు పట్టుకుని మహమూద్ కార్మికులకు ఆరోగ్య ఉపన్యాసం ఇస్తున్నాడు.

"భాయియో, చక్కెర షర్బతు తాగకుండ్రి! మా సదానందం గదే పోసుకుంట కూసున్నడు. ఇప్పుడెక్కడున్నడో సూడుండ్రి, బాయిల!"

వరుసలో అందరూ నా వైపు తిరిగారు. నేను కూడా తిరిగి, నా వెనక ఎవరున్నారా అని చూశాను.